ఐదిళ్ళ తీర్పు

ఫిరంగి పేలింది.

ఉపవాసం విడిచే వేళకి గుర్తు అది. స్ఫాక్స్ పాత ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకేసారి చేతులు ఖర్జూరాల వైపు సాగాయి. దుకాణం వెనక గదిలో పాత టేపు యంత్రాల మధ్య కూర్చున్న షాద్లీ ముసలాయన కూడా దేవుడి పేరు తలుచుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. పొద్దున్నుంచీ ఉపవాసం ఉన్నవాడు మొదటి ఖర్జూరాన్ని రుచి చూస్తూ తినడు, మింగేస్తాడు. ఆ పళ్ళెం పంపినవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

రెండో ఖర్జూరం కోసం చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

పక్కింటావిడ చొర్బా సూపు గిన్నె పట్టుకుని వచ్చి గుండె పగిలేలా అరిచింది. ఆ అరుపుకి వీధి వీధంతా వచ్చింది. ముసలాయన పైన అటక మీద ఉండాల్సిన టేపు చుట్ట ఒకటి లేదన్న సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు.

*

ఎనిమిదో గది ట్యూనిస్‌లో ఒక పళ్ళ డాక్టరు ఆసుపత్రి పైన ఉంది. ఇంటెలిజెన్స్ ఆఫీసు పెట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. లోపల ఎవరు అరిచినా కింద పన్ను పీకుతున్నారనుకుంటారు.

చీఫ్ హమ్మాదీ ఉపవాసంలో ఉన్నాడు. అంటే సిగరెట్టు లేదు. సిగరెట్టు లేని హమ్మాదీతో మాట్లాడటం ముళ్ళకంప మీద పట్టుచీర ఆరేసినట్టు ఉంటుంది.

"కూర్చో దలెండా. షాద్లీ చచ్చిపోయాడు. చంపేశారు."

"టేపుల షాద్లీయా? పాపం, ఆయన ఎవరికేం చేశాడు సార్?"

"ఒక టేపుని కంప్యూటర్లోకి ఎక్కించాడు, అదీ చేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి టేపు. ఇప్పుడది మాయమైంది. సీదీ ఖలాఫ్ రేవు రేడియోలో మాటలు. ఓడ కెప్టెన్‌తో రేవు అధికారి మాట్లాడినవి."

దలెండా వెన్ను నిటారుగా అయింది. ఆ రేవు అధికారి పేరు బెషీర్. ఆమె తండ్రి. పోయి పదకొండేళ్ళయింది.

"అందుకే నిన్ను పిలిచాను. ఆ గొంతు తెలిసినదానివి నువ్వొక్కదానివే ఉన్నావు మన శాఖలో," అన్నాడు హమ్మాదీ.

ఆ ఓడ సంగతి సీదీ ఖలాఫ్‌లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఉత్తర తీరపు ఓడల కంపెనీ ఒకటి విషపు పీపాలు తెచ్చి ఆ ఊరి తీరంలో ముంచేసింది. తర్వాత ఆక్టోపస్‌ల కోసం వేసిన కుండల్లో చచ్చిన ఆక్టోపస్‌లు పైకొచ్చాయి. తర్వాత పిల్లలకి మూత్రపిండాలు పాడయ్యాయి. దలెండా పక్కన బడిలో కూర్చునే మబ్రూకా పదహారేళ్ళకే పోయింది. అప్పటినుంచి ఊరు రెండుగా చీలింది. బెషీర్ సముద్రాన్ని అమ్ముకున్నాడని సగం ఊరు ఉమ్మేసింది. మా ఆయన వద్దంటే వద్దన్నాడు, దొంగల్లా వచ్చి ముంచారని దలెండా తల్లి మన్నూబియా ప్రతి రంజాన్‌కీ, ప్రతి పెళ్ళికీ, ప్రతి చావుకీ కొంగు బిగించి వాదించింది. ఊరు కంపెనీ మీద వేసిన కేసులో రేపు ట్రిబ్యునల్ ట్యూనిస్‌లో కూర్చుని ఆ టేపు వింటుంది. రేపటితో తేలిపోతుంది.

"టేపు పోతే ఏం సార్, కాపీలున్నాయిగా?"

"ఉన్నాయి. ఐదు. ఐదిళ్ళ ఒప్పందం విన్నావా?"

విన్నాను గానీ అర్థం కాలేదంది. హమ్మాదీ టేబుల్ మీద ఐదు గాజు గ్లాసులు పెట్టాడు. దాహంతో వాటి వైపు ఒకసారి చూసి, మొహం తిప్పుకుని చెప్పాడు.

"ట్యూనిస్, అల్జియర్స్, రబాత్, అలెగ్జాండ్రియా, అమ్మాన్. ఐదు ఊళ్ళ ఆర్కైవులు. ఒకరి దగ్గరున్న రికార్డు ఐదుగురి దగ్గరా ఉంటుంది. ఒక చోట నిప్పంటుకున్నా, ఒక చోట ప్రభుత్వం పడిపోయినా నాలుగు చోట్ల బతుకుతుంది. ప్రతి ఫైలుకీ ఒక వేలిముద్ర ఉంటుంది. ఫైల్లో చీమ తలకాయంత మారినా వేలిముద్ర మారిపోతుంది. వారానికోసారి ఐదు యంత్రాలూ తమ తమ వేలిముద్రలు బయటపెడతాయి. ఎవరిదైనా తేడాగా ఉంటే, ఎక్కువమంది దగ్గరున్నదే నిజమనుకుని తేడాగా ఉన్నదాన్ని యంత్రమే దిద్దేస్తుంది."

"మంచిదేగా."

"మంచిదే. దొంగకి తెలియనంత వరకూ." రెండు గ్లాసులు బోర్లించాడు. "నిన్న అలెగ్జాండ్రియా, అమ్మాన్ కాపీలు మార్చేశారు. తుడుపు ముఠా పని." విదేశీ కంపెనీల కోసం రికార్డులు మాయం చేసే ఆ ముఠాకి శాఖలో పెట్టిన పేరు అది. "ఇవాళ ఇంకొక్కటి మారిస్తే ముగ్గురవుతారు. ముగ్గురు అబద్ధమాడితే, నిజం చెప్పే ఇద్దర్నీ యంత్రం తన చేత్తోనే దిద్దేస్తుంది. దిద్ది, పని పూర్తయిందని మెసేజ్ కూడా పంపుతుంది. ఆ తర్వాత ఈ భూమ్మీద నిజం కాపీ ఒక్కటీ ఉండదు."

"యంత్రాన్ని ఆపెయ్యండి."

"ఐదుగురు డైరెక్టర్లు ఒప్పుకుంటే ఆగుతుంది. ఒకాయన మక్కా వెళ్ళాడు. ఒకాయన వియ్యంకుడింట్లో ఇఫ్తార్‌కి పోయి ఫోను ఆపేశాడు. పైగా ఐదిళ్ళూ ఒకే మాట మీద ఉంటేనే ట్రిబ్యునల్ ఆ రికార్డుని ఒప్పుకుంటుంది. తీగ పీకేస్తే వాళ్ళే గెలిచినట్టు."

"మూడో ఇల్లు ఏది?"

"మనదే. ఇవాళ సాయంత్రం ఆరున్నరకి లెక్క. సరిగ్గా ఇఫ్తార్ వేళ. ఆ టైములో యంత్రాల జోలికి ఎవరూ రారని ఎవరో తెలివైనవాడు పెట్టాడు. నిజమే, ఎవరూ రారు. కాపలావాడు కూడా ఉండడు." హమ్మాదీ సొరుగులోంచి వెండి కాటుక గొట్టం ఒకటి తీసి ఇచ్చాడు. "ఇది మన యంత్రానికి గుచ్చావంటే సీలు పడుతుంది. తీసేదాకా మన కాపీని ఎవడూ ముట్టుకోలేడు. లోపల నీకు సొండస్ కలుస్తుంది. ముఠాలో మనం పెట్టిన కన్ను."

"అందులో ఏముందో మీరు విన్నారా సార్?"

"ట్రిబ్యునల్ తెరిచేదాకా వినే హక్కు ఎవరికీ లేదు. అయినా వినేదేముంది? మీ నాన్న వద్దన్నాడని మీ అమ్మ ఊరూరా చెబుతోందిగా." హమ్మాదీ కళ్ళు మూసుకున్నాడు. "పో. నాకు తలనొప్పిగా ఉంది."

*

ఆర్కైవు మెట్ల దగ్గర ఫోను మోగింది. తల్లి.

"ఏమే, ఇల్యెస్‌కి జ్వరం తగ్గింది. అమ్మ కోసం ఏడవట్లేదు, నా దగ్గరే పడుకున్నాడు. నా తెల్ల సెఫ్సారీ ఇస్త్రీ చేయించాను. రేపు తల మీంచి అదే కప్పుకొస్తా."

"జ్వరం ఎంతుందో చూశావా అమ్మా? చేత్తో కాదు, థర్మామీటర్‌తో."

"నిన్ను పెంచినప్పుడు ఏ మీటరు పెట్టానే? విను. రేపు మీ నాన్న గొంతు వినపడగానే నేను లేచి నించుంటా. కోర్టు అన్నా సరే, కూర్చోమన్నా సరే. ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చున్నా. మబ్రూకా వాళ్ళమ్మ నా మొహం చూడాలి."

"సరేనమ్మా. ఉంటాను."

"జాగ్రత్త. ఎండలో తిరక్కు." కూతురు ఇన్సూరెన్సు కంపెనీలో పని చేస్తోందని ఆవిడ నమ్మకం.

ఫోను ఆపేసి దలెండా పొట్ట సర్దుకుంది. ఎనిమిది నెలల పొట్ట. దూదితో కుట్టింది, లోపల పిస్టలు. దళసరి కళ్ళజోడు, చేతిలో పాత పెళ్ళిపాటల మీద పరిశోధన చేస్తున్నట్టు చీటీ. నిండు చూలాలిని ఏ కాపలావాడూ తడిమి చూడడు. ఆవిడ ఉపవాసం ఉండక్కర్లేదు కాబట్టి, ఇఫ్తార్ వేళ ఇంటికి పరిగెత్తకపోయినా ఎవరూ అనుమానించరు.

కాపలావాడు ఆమెని ఎగాదిగా చూశాడు. "ఈ టైములో పాటలేంటమ్మా? ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకోక."

"కానుపయ్యాక కుదరదు కదన్నా."

"మగపిల్లాడే. పొట్ట ముందుకి పొడుచుకొచ్చింది చూడు."

"నీ నోటి వాక్కు ఫలించాలి," అని లోపలికి నడిచింది.

వినే గది కింది అంతస్తులో ఉంది. ఒక పక్క అద్దాల వెనక యంత్రాలు సన్నగా రొద పెడుతున్నాయి. గదిలో ఎర్ర కోటు వేసుకున్న ఆడమనిషి ఒక్కతే కూర్చుంది. ఆవిడ వాడిన సెంటు ధరకి దలెండా ఇంటి అద్దె వస్తుంది. ఆమె జుట్టు ఒక పక్కకి తోసుకుని, చూడకుండానే అడిగింది.

"ఈ ఏడు ఆలివ్ కాపు ఎలా ఉంది?"

"చెట్టు కంటే నీడే ఎక్కువ," అంది దలెండా. కోడ్ సరిపోయింది.

"సొండస్‌ని. ఆలస్యం చేశావు చెల్లాయ్. వాళ్ళ మనిషి ఇంకా రాలేదు. నేను చూసుకుంటూనే ఉన్నా. ముందు నీ సీలు వెయ్యి."

దలెండా కాటుక గొట్టం మూత విప్పి, లోపలి పుల్లని యంత్రం వెనక గుచ్చింది. పచ్చ దీపం వెలిగింది. హమ్మయ్య అనుకుంది. నాన్న మాట భద్రంగా ఉంది.

పైన కుర్చీలు జరిపిన చప్పుడు, తలుపుల చప్పుడు, పరుగెత్తే చెప్పుల చప్పుడు. నగరమంతా ఇళ్ళకి పారిపోతోంది. కాసేపటికి ఆ భవనంలో వాళ్ళిద్దరే మిగిలారు. సొండస్ లేచి తలుపుకి గడియ పెట్టింది. ఎత్తు మడమల జోళ్ళు విప్పి, పాదాలు నొక్కుకుంది.

"ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం. నీ సీలు చాలా గట్టిది చెల్లాయ్. థాంక్స్."

"దేనికి?"

"నువ్వు రాకముందే ఇక్కడి కాపీ మార్చేశాను. నువ్వొచ్చి దానికి తాళం వేశావు. నా దొంగసొత్తుకి నీ కాపలా."

దలెండా చెయ్యి దూది పొట్టలోకి పోయింది. పిస్టలుతో బయటికొచ్చింది.

సొండస్ పగలబడి నవ్వింది. "అయ్యో, కానుపైపోయిందా? మగపిల్లాడేనా?"

"అటు జరుగు. రెండు పక్కలా జీతం తిన్నావన్నమాట."

"రెండే అనుకుంటున్నావా, పాపం. కాల్చాలంటే కాల్చు. కాల్చే ముందు ఒక్కసారి విను. నీ కోసమే ఆగాను, లేకపోతే ఈపాటికి విమానాశ్రయంలో ఉండేదాన్ని."

ఆమె మీట నొక్కింది. గరగరమనే పాత రేడియో చప్పుడు. ఆ చప్పుడులోంచి పదకొండేళ్ళ తర్వాత నాన్న గొంతు.

"వద్దు కెప్టెన్. ఇది మా సముద్రం. మా పిల్లలు ఇందులో ఈదుతారు. మీ చెత్త మీ ఇంటి ముందు పోసుకోండి. ఓడ వెనక్కి తిప్పండి."

దలెండా కళ్ళు చెమర్చాయి. అచ్చం అమ్మ చెప్పే మాటలే. ప్రతి రంజాన్‌కీ చెప్పేవే.

"ఇదేగా నిజం? దీన్నే మార్చారా మీరు?"

"ఇది మేం తయారు చేసింది," అంది సొండస్.

దలెండా పిస్టలు ఇంకాస్త పైకెత్తింది.

"బుర్ర పెట్టి ఆలోచించు చెల్లాయ్. రేవు అధికారి వద్దన్నాడు, ఓడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిన ఓడ పీపాలెలా ముంచుతుంది? కంపెనీకి కావలసింది ఆ ఒక్క మాటే. మీ నాన్నని చెడ్డవాణ్ణి చేస్తే వాళ్ళకేం లాభం? మంచివాణ్ణి చెయ్యాలి. ఎంత మంచివాడైతే వాళ్ళు అంత శుభ్రంగా బయటపడతారు." ఆమె ఇంకో మీట మీద వేలు పెట్టింది. "పాతది నా దగ్గరుంది. వింటావా, వద్దా?"

దలెండా వద్దని అనలేకపోయింది.

అదే గరగర. అదే గొంతు, కాని కాస్త కులాసాగా. "చీకటి పడ్డాక దింపుకోండి కెప్టెన్, బయటి వైపు. నేను చూళ్ళేదు, మీరు రాలేదు. ఆ రంగుల టీవీ మాత్రం మర్చిపోకండి. పెద్దది." అవతల ఎవరో విరగబడి నవ్వారు. ఆ నవ్వు మీదుగా, దగ్గర్నించి, సన్నటి పిల్ల గొంతు, "బాబా, అందులో బొమ్మలు రంగుల్లో వస్తాయా?"

"వస్తాయి తల్లీ. నువ్వు బయట ఆడుకో."

పిస్టలు బరువెక్కింది. ఆ పిల్ల తనే. రేవు ఆఫీసు బల్ల కింద కూర్చుని గవ్వలు పేర్చుకుంటున్న రోజు గుర్తుంది. తర్వాత వారం ఇంటికి వచ్చిన టీవీ గుర్తుంది. నావికులు చవగ్గా అమ్మారని నాన్న చెప్పడం గుర్తుంది. ఆ ఏడు ప్రపంచ కప్పు ఆటలకి ఊరంతా వాళ్ళింట్లోనే. అందరికంటే ముందు చాప మీద, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ మబ్రూకా. ఆటలో గోలు పడితే దలెండా మెడ వాటేసుకుని గెంతేది.

సొండస్ జోళ్ళు తొడుక్కుంది. "నిన్ను బెదిరించడానికి నాకు పిస్టలు అక్కర్లేదు. మీ నాన్న చాలు. ఆరున్నరకి యంత్రం తన పని తను చేసుకుంటుంది. నువ్వు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకుండా ఉండటమే. రేపు మీ అమ్మ తలెత్తుకుంటుంది. నీ కొడుకు తాత పేరు బడిలో గట్టిగా చెప్పుకుంటాడు. కన్నతండ్రికి ఆ మాత్రం చెయ్యలేవా?" తలుపు తీసి ఆగింది. "షాద్లీ ముసలాడి సంగతి నాకు తెలీదు. అది నేను చెయ్యలేదు. నమ్మితే నమ్ము."

ఆమె వెళ్ళిపోయింది. మడమల చప్పుడు మెట్ల మీద టకటక పైకెక్కింది. దలెండా కాల్చలేదు.

*

ఎక్కడో ఫిరంగి పేలింది. వీధుల్లో పిల్లి కూడా లేదు.

గోడ మీది తెర వెలిగింది. ఐదు దీపాలు. ట్యూనిస్ వెలిగింది. అలెగ్జాండ్రియా, అమ్మాన్ వెలిగాయి. మూడూ ఒకటే రంగు. అల్జియర్స్ వేరే రంగు. ఐదోది, రబాత్, వెలగలేదు. 'ఒక ఇల్లు ఇంకా మాట్లాడలేదు. తీర్పు ఆగింది' అని తెర మీద పడింది.

బల్ల మీది నల్ల టెలిఫోను మోగింది. ఆర్కైవులు తమలో తాము మాట్లాడుకోవడానికి వేసుకున్న లైను. దలెండా ఎత్తింది.

"ట్యూనిస్! మీకేం పోయేకాలం వచ్చిందయ్యా?" అవతల ఎవరో ముసలాయన మండిపడుతున్నాడు. "పోయిన వారం దాకా నాతో ఒకే మాట మీద ఉన్నారు. ఇవాళ వేలిముద్ర మారిందేం? టేపుకేమైనా రెక్కలొచ్చాయా?"

"మీరెవరండీ?"

"నేనెవరా? బూజిద్. అల్జియర్స్. ఈ ఒప్పందం పెట్టినప్పటి నుంచీ ఇక్కడే చస్తున్నా. మీకు ఫిరంగి పేలింది, మాకింకా పేలలేదు. ఆకలి మీదున్నాను, నన్ను రెచ్చగొట్టకు. నువ్వెవరు? అక్కడ యంత్రాలు చూసే ఫౌజీ ఏడీ?"

"అందరూ ఇళ్ళకెళ్ళారు. నేను... పాటల కోసం వచ్చినదాన్ని."

"పాటలా! ఇక్కడ చావుమేళం మోగుతోంది. విను అమ్మాయ్. ముగ్గురు ఒక వైపు, నేనొక్కణ్ణి ఒక వైపు. రబాత్ కూడా నాతోనే ఉంటుంది, కాని లాభమేముంది, ముగ్గురే గెలుస్తారు. వాళ్ళు నోరు విప్పగానే యంత్రం నా కాపీ తుడిచి మీది రాసేస్తుంది."

"రబాత్ ఎందుకు మాట్లాడలేదు?"

"వాళ్ళ ఖర్మ! రంజాన్ వస్తే వాళ్ళ దేశంలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. గోడ గడియారంతో పాటు యంత్రానికీ తిప్పేస్తారు. యంత్రానికి ఉపవాసం ఉండదురా నాయనా అని ఏటా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా. వాళ్ళకి ఇంకా ఐదున్నరే. ఇవాళ మాత్రం ఆ వెధవల చేతులు ముద్దు పెట్టుకోవాలి. గంట టైముంది."

"గంటలో ఏం చెయ్యొచ్చు?"

"మీ ఇంటి నుంచి ఎవరైనా సరే, ఈ లైన్లో నోటితో చెప్పాలి. మా కాపీ చెడింది, మీది పంపండి అని. అప్పుడే నేను పంపగలను. అడగని ఇంటికి కాపీ పంపకూడదు. ఒప్పందం. ఒకడి అబద్ధాన్ని ఇంకొకడి ఇంట్లో దూర్చకుండా పెట్టుకున్నాం. నీ మాట రికార్డవుతుంది. చెప్పు, మీది చెడిందా?"

దలెండా రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకుంది.

తెల్ల సెఫ్సారీ ఇస్త్రీ మడతలు కళ్ళ ముందు కదిలాయి. రేపు అమ్మ లేచి నించుంటానంది. అంత వయసులో, కోర్టు మధ్యలో, మబ్రూకా వాళ్ళమ్మ ఎదురుగా. ఇప్పుడు ఫోను పెట్టేస్తే చాలు. ఎవరికీ తెలీదు. పరిశోధన చేస్తున్న చూలాలు ఫోనెత్తింది, ఏమీ తెలీదంది, అంతే. నాన్న సముద్రాన్ని కాపాడినవాడైపోతాడు. ఇల్యెస్ బడిలో...

ఇల్యెస్‌కి జ్వరం వస్తేనే తను మూడు రాత్రులు నిద్రపోదు. మబ్రూకా వాళ్ళమ్మ తొమ్మిదేళ్ళు నిద్రపోలేదు. ఆసుపత్రి బస్సు కోసం ఆమె తెల్లారకముందే రోడ్డు మీద నించునేది, మబ్రూకాని దుప్పట్లో చుట్టుకుని. వాళ్ళ కిటికీలోంచి చూసేది తను. లోపల టీవీ మోగుతూనే ఉండేది.

"అమ్మాయ్, ఉన్నావా? పడిపోయావా?"

"మా కాపీ చెడింది," అంది దలెండా. "అబద్ధం అది. మీది పంపండి."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ముగ్గురు ఒక మాట అంటుంటే, నువ్వు కాదంటున్నావు. నీకెలా తెలుసు?" ముసలాయన గొంతు మారింది. "రేపు ట్రిబ్యునల్‌లో నన్నడుగుతారు. పాటల పిల్ల చెప్పిందంటే నవ్వుతారు."

"నిజం దాంట్లో నా గొంతుంది మామా. రేవు అధికారి పక్కన ఒక పిల్ల మాట్లాడుతుంది. అది నేనే. ఆయన మా నాన్న."

"మరి మీ దగ్గరున్న దాంట్లో?"

"మా నాన్న మంచివాడు."

ఫోనులోంచి దూరంగా అజాన్ వినపడింది. అల్జియర్స్‌లో పొద్దు వాలింది.

"తండ్రిని కాపాడుకోవడానికి అబద్ధమాడేవాళ్ళని చూశాను బిడ్డా," అన్నాడు బూజిద్. "పట్టించడానికి అబద్ధమాడేదాన్ని చూళ్ళేదు. పంపుతున్నా, అందుకో. సీలు ఏదైనా ఉంటే తియ్యి."

ఆమె కాటుక పుల్ల పట్టుకుని లాగింది. పచ్చ దీపం ఆరింది. తెర మీద సన్నటి గీత పాకడం మొదలుపెట్టింది. నత్త నయం.

"ఎందుకింత మెల్లగా వస్తోంది మామా?"

"దేశం దేశమంతా తిని, సీరియళ్ళ ముందు కూర్చుంది. లైనుకి ఊపిరాడద్దూ?" ఏదో తాగుతున్న చప్పుడు. "నేనింకా చొర్బా ముట్టుకోలేదు. నీళ్ళతోనే ఆగాను. నువ్వు తిన్నావా?"

"లేదు."

"ఎవరూ తినని రోజు ఇది."

గీత సగం దాటింది. ముప్పావు. రబాత్ దీపం రెపరెపలాడింది. అక్కడి యంత్రం గొంతు సవరించుకుంటోంది. దలెండా రెండు చేతులతో బల్ల పట్టుకుంది. గీత ఇంకా వేలెడు దూరంలో ఆగింది. కదలదు. "మామా!" "అరవకు, దానికి చెవుల్లేవు!" రబాత్ వెలిగింది. అదే క్షణంలో గీత తెర అంచుని తాకింది. ట్యూనిస్ రంగు మారింది.

ముగ్గురు, ఇద్దరు.

యంత్రం ఆలోచించలేదు. బాధపడలేదు. అలెగ్జాండ్రియా మారింది. అమ్మాన్ మారింది. ఐదు దీపాలూ ఒకే రంగులో వెలిగాయి. 'దిద్దుబాటు పూర్తయింది. సహకారానికి ధన్యవాదాలు' అని తెర మర్యాదగా చెప్పింది.

దలెండా నేల మీద కూర్చుని, చిరిగిన దూది పొట్ట ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

*

మర్నాడు టేపు విన్నారు. దలెండా శాఖవాళ్ళకి వేసిన కుర్చీల్లో కూర్చుంది. 'రంగుల టీవీ' అన్న మాట దగ్గర ట్రిబ్యునల్ హాల్లో గాలి ఆగిపోయింది. పిల్ల గొంతు దగ్గర సీదీ ఖలాఫ్ వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

కంపెనీ లాయరు లేచాడు. ఇది కంప్యూటర్లో పుట్టించిన గొంతు, ఎవరైనా పుట్టించొచ్చు అన్నాడు. ఐదు ఆర్కైవుల్లోనూ ఒకే వేలిముద్ర ఉందని జడ్జి చదివి వినిపించాడు. యంత్రాలు ఒక మాట మీద ఉండొచ్చు, మనిషి ఎవరు ఒప్పుకుంటారు అన్నాడు లాయరు.

వెనక వరసలో తెల్ల సెఫ్సారీ ఒకటి లేచి నిలబడింది.

"నేను ఒప్పుకుంటున్నానయ్యా," అంది మన్నూబియా. "ఆ గొంతు నా మొగుడిది. ఆ పిల్ల నా పిల్ల. ఆ టీవీ మీద గుడ్డ కుట్టి కప్పింది నేను."

కేసు ఆ ఊరు గెలిచింది. పీపాలు తీయడానికి ఓడలొస్తాయన్నారు, పిల్లలకి వైద్యం అన్నారు. రేవు గేటు మీద బెషీర్ పేరుతో ఉన్న పలకని కుర్రాళ్ళు ఆ సాయంత్రమే పీకి సముద్రంలో పారేశారు. మబ్రూకా వాళ్ళమ్మ మన్నూబియా మొహం చూడలేదు. చూడకపోవడమే నయం.

సొండస్‌ని విమానాశ్రయంలో పట్టుకున్నారు. రెండో రోజు వదిలేశారు. మొదటినుంచీ ఆమె మన మనిషేనని శాఖ ప్రకటించింది, కాదంటే పరువు పోతుంది మరి. ఆమెకి మెడల్ కూడా ఇచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో దలెండా కూడా ఉంది. షాద్లీ కేసు గుండెపోటు కింద మూసేశారు.

"నీకూ ఏదైనా ఇప్పించాలనుకున్నాను," అన్నాడు హమ్మాదీ ఫిరంగి పేలాక, రెండు సిగరెట్లు ఒకేసారి వెలిగించుకుని. "కాని ఆ టేపులో లంచం తీసుకున్నవాడి కూతురివి నువ్వేనని పైవాళ్ళకి తెలిసింది. ఇప్పుడు నీ పేరు ఎక్కడ రాయాలన్నా ఇబ్బందే."

"వద్దులెండి సార్. ఇప్పటికే చాలా చోట్ల రాసుంది."

పండగ ముందు రోజు ఆమె ఊరెళ్ళింది. ఇల్యెస్ జ్వరం తగ్గి, ముంగిట్లో బంతి తన్నుకుంటున్నాడు, ఒక్కడే. వీధి పిల్లలెవరూ ఆడటానికి రాలేదు. తల్లి వంటగదిలో పండగ మిఠాయి మక్రూద్‌కి పిండి కలుపుతోంది. ఈ ఏడు ఇరుగుపొరుగుకి పంచేది లేదు గనక చారెడే కలిపింది.

"అమ్మా, నీకు ముందే తెలుసా?"

"అంత పెద్ద టీవీ ఊరికే ఎవరిస్తారే?" తల్లి తలెత్తలేదు. "తెలీదని నాకు నేనే చెప్పుకున్నా. చెప్పుకోగా చెప్పుకోగా నిజమే అనిపించింది."

"లాయరు అడిగినప్పుడు నువ్వు ఊరుకోవాల్సింది."

"నువ్వు ఊరుకున్నావా? ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు కోర్టులో నీకు కుర్చీ వేస్తారా, నాకు తెలీదనుకున్నావా?" ఆవిడ పిండి ముద్దని పళ్ళెం మీద గట్టిగా కొట్టింది. "ఆ టేపు కాపీలని ఎన్ని ఊళ్ళలో దాచారన్నావు?"

"ఐదు."

మన్నూబియా నుదుటి మీద పడ్డ వెంట్రుకని మోచేత్తో తోసుకుంది.

"బతికున్నన్నాళ్ళూ మీ నాన్న ఒక్క మాట మీద నిలబడి ఎరగడు," అంది. "చచ్చాక ఐదు ఊళ్ళలో ఒకే మాట మీద నిలబెట్టావు కదే తల్లీ."